తెగని వాదన, తెగని ప్రేమ

సినిమా అంటే మన సంఘాల్లో పెద్దలకు మొదటి నుంచీ కొంత జంకే. బాప్తిస్మం పొందినవాళ్లు సినిమాహాలు మెట్లెక్కకూడదన్న కట్టుబాటు చాలా ఇళ్లలో ఉండేది. సైన్సు అన్నా ఇంచుమించు అంతే. పిల్లలు బాగా చదువుకుంటే సంతోషిస్తాం. మరీ ఎక్కువ చదివితే దేవునికి ఎక్కడ దూరమవుతారో అన్న దిగులు మాత్రం మనసులో ఓ మూల ఉండనే ఉంటుంది. మరి సైంటిస్టుల మీద తీసిన సినిమాలంటే? రెండు భయాలూ ఒక్కచోట చేరినట్టే!

అయినా ఈ వారం అలాంటి సినిమాల గురించే మాట్లాడుకుందాం. 2001 నుంచి 2015 మధ్య ఇంగ్లిష్‌లో నాలుగు మంచి సినిమాలు వచ్చాయి. నాలుగూ నిజంగా బతికిన మేధావుల కథలే. అయితే చూస్తున్నకొద్దీ ఒక సంగతి బోధపడుతుంది. వాటిలో లెక్కలు, సిద్ధాంతాలు తక్కువ. భార్యాభర్తలు, స్నేహితులు, జబ్బుపడిన మనిషి మంచం, ఆ మంచం పక్కన మేలుకుని కూర్చున్న మరో మనిషి ఎక్కువ. ఒకరికి కనిపించింది రెండోవారికి కనిపించనప్పుడు ఆ ఇద్దరూ ఒకే కప్పు కింద ఎలా బతుకుతారు? నాలుగు సినిమాలూ తిరిగి తిరిగి ఈ ప్రశ్న దగ్గరికే వస్తాయి. ఇది మన ఇళ్లలోనూ ఉన్న ప్రశ్నే. అందుకే వీటి ప్రస్తావన.

డార్విన్ గారింట్లో...

మొదటిది 2009లో వచ్చిన ‘క్రియేషన్’. జాన్ అమీల్ దర్శకుడు. పరిణామ సిద్ధాంతం చెప్పిన చార్లెస్ డార్విన్‌గా పాల్ బెట్టనీ, భార్య ఎమ్మాగా జెన్నిఫర్ కానెలీ నటించారు. వీళ్లు నిజజీవితంలోనూ భార్యాభర్తలే. డార్విన్ మునిమనవడి కొడుకు రాండల్ కీన్స్ రాసిన పుస్తకం ఈ సినిమాకు ఆధారం.

డార్విన్ పేరు వినగానే మనలో చాలామందికి విశ్వాసానికి శత్రువన్న బొమ్మే కళ్లముందు నిలుస్తుంది. ఆయన ఇంట్లో బైబిలు చదివే భార్య ఉందని ఎంతమందికి తెలుసు? ఎమ్మా ఆయనకు సొంత మేనమామ కూతురు. 1839 జనవరి 29న వాళ్ల పెళ్లయింది. తన సందేహాలను పెళ్లికి ముందే ఆయన దాచకుండా ఆమెకు చెప్పాడు. పెళ్లయిన కొత్తలోనే ఎమ్మా ఆయనకో ఉత్తరం రాసింది. అందులో కోపం లేదు, దెప్పిపొడుపు లేదు. ఉన్నది ఒకటే భయం, ఈ లోకం దాటాక మనం ఒకరికొకరం కాకుండా పోతామేమోనని. డార్విన్ ఆ ఉత్తరాన్ని జీవితాంతం దాచుకున్నాడు. దాన్ని ఎన్నోసార్లు ముద్దుపెట్టుకుని ఏడ్చానని ఆ కాగితం మీదే తన చేతిరాతతో రాసిపెట్టాడు.

వాళ్లకు పదిమంది పిల్లలు. ముగ్గురు చిన్నతనంలోనే పోయారు. వాళ్లలో ఆనీ తండ్రికి ప్రాణం. 1851లో ఆ పాపకు జబ్బు చేస్తే మాల్వెర్న్ అనే ఊళ్లో నీటి చికిత్స కోసం ఉంచారు. ఎమ్మా అప్పుడు నిండు గర్భిణి, ప్రయాణం చేయలేదు. పాప మంచం దగ్గర తండ్రి ఉన్నాడు. ఇంటి దగ్గర తల్లి ఉత్తరాల కోసం ఎదురుచూస్తోంది. ఏప్రిల్ 23న ఆనీ కన్నుమూసింది. అప్పటికి ఆమెకు పదేళ్లు. సినిమా గుండెకాయ ఈ ఘట్టమే.

బిడ్డతోపాటే డార్విన్ విశ్వాసమూ సమాధి అయిందన్నట్టు సినిమా చూపిస్తుంది. ఆయన ఆత్మకథలో మాత్రం అవిశ్వాసం తనలోకి చాలా నెమ్మదిగా వచ్చిందనే రాసుకున్నాడు. ఏదైతేనేం, ఒకే దుఃఖం ఇద్దరి మీద పడింది. బిడ్డను మళ్లీ చూస్తానన్న నిరీక్షణ తల్లికి ఊతమైంది. తండ్రికి ఆ ఊత దొరకలేదు. ఇద్దరి మధ్యా మాటలు కరువైన రోజులను సినిమా చాలా ఓపికగా చూపిస్తుంది. బిడ్డను పోగొట్టుకున్న ఇల్లు ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకు ఆ మౌనం కొత్త కాదు.

సినిమా చివర్లో ఆయన తన రాతప్రతిని ఎమ్మా చేతిలో పెట్టి, ఏం చేయాలో నువ్వే తేల్చమంటాడు. ఆమె చదివి, దాన్ని ప్రచురణకర్తకు పంపేలా పొట్లం కడుతుంది. ఇది సినిమా అల్లిక. కానీ దానికి దగ్గరి నిజం ఒకటుంది. 1844లో తన సిద్ధాంతాన్ని ఒక వ్యాసంగా రాసుకున్న డార్విన్, తాను హఠాత్తుగా చనిపోతే 400 పౌన్లు వెచ్చించి దాన్ని అచ్చువేయించమని ఎమ్మాకే ఉత్తరం రాసి పెట్టాడు. తన రాతలు ఎవరి మనసును అందరికంటే ఎక్కువ నొప్పిస్తాయో ఆ మనిషినే ఆయన అందరికంటే ఎక్కువ నమ్మాడన్నమాట. ‘జాతుల పుట్టుక’ గ్రంథం ఆ తర్వాత 15 ఏళ్లకు, 1859లో గానీ వెలువడలేదు.

ఆదివారం ఎమ్మా పిల్లలతో గుడికి వెళ్లేది. ఆయన ఆ సమయానికి నడకకు పోయేవాడు. ఊరి పాస్టరు గారితో మాత్రం స్నేహంగా ఉండేవాడు. పేదలకు బొగ్గు, బట్టలు ఇచ్చే సంఘం లెక్కలు తానే రాసేవాడు. రాత్రిళ్లు భార్యాభర్తలిద్దరూ పాచికలతో ఆడే బ్యాక్‌గామన్ ఆట ఆడేవారు. 1876లో ఓ స్నేహితుడికి రాసిన ఉత్తరంలో ఆయన పిల్లవాడిలా గొప్పలు పోయాడు. అప్పటికి తాను 2795 ఆటలు గెలిచాడట, ఎమ్మా 2490 మాత్రమే గెలిచిందట! కూడితే 5285 ఆటలు. దేవుని విషయంలో ఎప్పుడూ ఏకీభవించని ఇద్దరు మనుషులు అన్ని రాత్రులు ఒకే బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చున్నారు.

ప్రేమకు అబద్ధం అక్కరలేదు

ఇక్కడ మన సంఘాలకు సంబంధించిన మాట ఒకటి చెప్పుకోవాలి. డార్విన్ మరణపడక మీద పశ్చాత్తాపపడ్డాడని, బైబిలు చదువుతూ తన సిద్ధాంతాన్ని తానే కాదనుకున్నాడని ఓ కథ కరపత్రాల్లో, ప్రసంగాల్లో తిరుగుతూ ఉంటుంది. లేడీ హోప్ అనే ఆమె చెప్పినట్టుగా ఆ కథ 1915లో అమెరికాలోని ఒక బాప్టిస్టు పత్రికలో అచ్చయింది. డార్విన్ పోయింది 1882లో. అంటే 33 ఏళ్ల తర్వాత. తండ్రి చివరి ఘడియల్లో తాను అక్కడే ఉన్నానని, ఆ లేడీ హోప్ అసలు రాలేదని డార్విన్ కూతురు హెన్రియెటా 1922లో స్పష్టంగా ఖండించింది.

ఈ కథ నిజమై ఉంటే అందరికంటే ఎక్కువ సంతోషించాల్సింది ఎవరు? ఎమ్మా కాదా? 43 ఏళ్ల కాపురంలో ఆమె కోరుకున్నది అదే. భర్త పోయాక ఆమె మరో 14 ఏళ్లు బతికింది. అలాంటి మాట ఆమె ఒక్కసారి కూడా చెప్పలేదు. తన ప్రేమకు విజయగాథ జోడించాలని ఆమె అనుకోలేదు. ప్రేమ సత్యమందు సంతోషిస్తుందని పౌలు కొరింథీ సంఘానికి నేర్పాడు (1 కొరింథీ 13:6). దేవుని పక్షాన చెప్పినా అబద్ధం అబద్ధమే. ఆ కథ చెప్పేవాళ్లు ఎమ్మా కన్నీటిని గౌరవించడం లేదు.

రెండేళ్ల గడువు, యాభై ఐదేళ్ల బతుకు

రెండో సినిమా 2014లో వచ్చిన ‘ద థియరీ ఆఫ్ ఎవ్రీథింగ్’. భౌతికశాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్, ఆయన మొదటి భార్య జేన్‌ల కథ. హాకింగ్‌గా నటించిన ఎడ్డీ రెడ్‌మేన్‌కు ఆస్కార్ వచ్చింది. జేన్ 2007లో రాసిన జ్ఞాపకాల పుస్తకమే దీనికి మూలం.

1963లో హాకింగ్‌కు 21 ఏళ్లప్పుడు నరాలను, కండరాలను తినేసే జబ్బు బయటపడింది. రెండేళ్లకు మించి బతకడన్నారు. అది తెలిసే జేన్ 1965లో ఆయన్ని పెళ్లాడింది. ఆమె దేవుణ్ణి నమ్మిన మనిషి, ఆయన నమ్మనివాడు. ముగ్గురు పిల్లలు. చక్రాల కుర్చీ, తినిపించడం, స్నానం, రాత్రి మేలుకోవడం అన్నీ ఏళ్ల తరబడి ఆమె మీదే. 1985లో జెనీవా వెళ్లినప్పుడు ఆయనకు న్యుమోనియా ముదిరి స్పృహ తప్పింది. శ్వాసయంత్రం ఆపేయమంటారా అని డాక్టర్లు అడిగారు. జేన్ ఒప్పుకోలేదు. కేంబ్రిడ్జికి తీసుకొచ్చింది. గొంతుకు చేసిన ఆపరేషన్‌తో ఆయన మాట పోయింది, ప్రాణం నిలిచింది. కోట్లాది మంది ఇళ్లకు చేరిన ఆయన పుస్తకం ‘కాలం కథ’ 1988లో వెలువడింది. ఆ రోజు జేన్ తలూపి ఉంటే ఆ పుస్తకం ఉండేది కాదు.

సినిమాలో ఓ చిన్న ఘట్టం. ఆ పుస్తకం రాతప్రతిలో దేవుని ప్రస్తావన చదివి జేన్ ముఖం వెలిగిపోతుంది. ఈ ఒక్క క్షణాన్నైనా నాకు మిగుల్చుతావా అన్నట్టు అడుగుతుంది. ఆయన నవ్వుతూ సరేనంటాడు. తర్వాత, 2010లో వచ్చిన పుస్తకంలో, విశ్వం మొదలవడానికి దేవుని అవసరం లేదని హాకింగ్ తేల్చేశాడు. అంటే ఆ వాదనలో కూడా జేన్ గెలవలేదు.

ఈ కాపురం నిలవలేదు కూడా. 1990లో విడిపోయారు, 1995లో విడాకులు తీసుకున్నారు. ఆయన తనను చూసుకున్న నర్సును పెళ్లాడాడు. జేన్ 1997లో, అలసిపోయిన ఆ ఇంటికి ఏళ్ల తరబడి అండగా నిలిచిన చర్చి సంగీతకారుడు జొనాథన్‌ను పెళ్లి చేసుకుంది. ఈ సంగతి మనకు మింగుడుపడదు. పడాలని ఎవరూ అనరు. కానీ పాతికేళ్లు ఆమె మోసిన బరువును తూచకుండా తీర్పు చెప్పడం తగదు. రోగిని చూసుకునే ఇల్లాలిని మనం ‘త్యాగమూర్తి’ అని వేదిక మీద పొగుడుతాం. తర్వాత ఎవరిళ్లకు వాళ్లం వెళ్లిపోతాం. ఒకరి భారాలు ఒకరు మోయాలన్న మాట (గలతీ 6:2) ఒక్క భార్యకే రాసింది కాదుగదా! రెండేళ్లన్న మనిషి 55 ఏళ్లు బతికి 2018 మార్చి 14న 76 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. అందులో తొలి పాతికేళ్లకు రెక్కల కష్టం పెట్టింది జేన్.

నమ్మింది అతను, నమ్మనిది ఇతను

మూడోది 2015 నాటి ‘ద మ్యాన్ హూ న్యూ ఇన్ఫినిటీ’. మన పొరుగు కుంభకోణంలో పెరిగిన శ్రీనివాస రామానుజన్‌గా దేవ్ పటేల్, కేంబ్రిడ్జి ప్రొఫెసర్ హార్డీగా జెరెమీ ఐరన్స్ నటించారు. ఇక్కడ తక్కెడ తిరగబడింది. గణితం రామానుజన్‌కు భక్తితో ముడిపడిన విషయం. తన సూత్రాలు కులదేవత నామగిరి తాయారు ఇచ్చినవేనని ఆయన నమ్మకం. హార్డీ ఏ దేవుణ్ణీ నమ్మడు, రుజువును తప్ప. 1914లో రామానుజన్ ఓడెక్కి వెళ్లాడు. యుద్ధకాలం, చలి, శాకాహారానికి కరువు. జబ్బుపడ్డాడు.

పట్నీలో మంచం పట్టిన మిత్రుణ్ణి చూడటానికి హార్డీ టాక్సీలో వెళ్లిన సంగతి చాలామందికి తెలుసు. బండి నంబరు 1729 చప్పగా ఉందని హార్డీ అంటే, కాదు, రెండు ఘనాల మొత్తంగా రెండు రకాలుగా రాయగల అతి చిన్న సంఖ్య అదేనన్నాడు రామానుజన్. ఒకటి ఘనం, పన్నెండు ఘనం కూడినా అంతే. తొమ్మిది ఘనం, పది ఘనం కూడినా అంతే. మనం ఆ సంఖ్యనే గుర్తుపెట్టుకుంటాం. ఏమీ తోచక ఏదో ఒక మాట కలపడానికి టాక్సీ నంబరు చెప్పిన ఆ మొహమాటస్తుణ్ణి మరిచిపోతాం. భావాలు బయటపెట్టడం చేతకాని మనిషి రోగి దగ్గరికి వెళ్లి కూర్చోవడమే అక్కడ ప్రేమ. రామానుజన్‌తో సాహచర్యమే తన జీవితంలోని ఏకైక మధుర ఘట్టమన్న అర్థంలో హార్డీ తర్వాత చెప్పుకున్నాడు.

రామానుజన్ 1920లో 32 ఏళ్లకే పోయాడు. పదేళ్ల వయసులో ఆయనకు భార్యయిన జానకి, మద్రాసులో కుట్టుపని చేసుకుంటూ 1994 దాకా బతికింది. భర్త అనంతాన్ని తెలుసుకున్నాడంటారు. ఎదురుచూపుల అనంతం ఆమెకే తెలుసు.

విరిగి, మళ్లీ అతికిన కాపురం

నాలుగోది 2001లో వచ్చిన ‘ఎ బ్యూటిఫుల్ మైండ్’. ఉత్తమ చిత్రంతో కలిపి నాలుగు ఆస్కార్లు గెలిచింది. గణితవేత్త జాన్ నాష్‌కు స్కిజోఫ్రీనియా అనే మానసిక వ్యాధి. లేని మనుషులు ఉన్నట్టు, ఎవరో తనను వెంటాడుతున్నట్టు నమ్మేవాడు. సినిమాలో భార్య అలీషియా ఆయన చేతిని తన చెంపకు ఆనించుకుని, ఏది నిజమో ఈ స్పర్శతో తెలుసుకోమంటుంది. ఆయన భ్రమను ఆమె నిజమని ఒప్పుకోలేదు. అలాగని ఆయన్ని అబద్ధమని తోసేయనూ లేదు.

సినిమాలో అలీషియా ఎన్నడూ విడిచిపోదు. నిజం అంత తీయగా లేదు. 1957లో పెళ్లి, 1959లో ఆమె గర్భవతిగా ఉండగా ఆయన జబ్బు ముదరడం, 1963లో విడాకులు. కానీ 1970లో, దిక్కులేకుండా ఉన్న ఆ మనిషిని ఆమె తన ఇంట్లో ఉండనిచ్చింది. భర్తగా కాదు, ఇంట్లో ఉండే ఓ మనిషిగా. తాను ఉద్యోగం చేసి ఇల్లు నడిపింది. వాళ్ల కొడుక్కీ అదే జబ్బు వచ్చింది. 1994లో నాష్‌కు మరో ఇద్దరితో కలిపి ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఆ వేదిక మీద భార్యను చూస్తూ చేసినట్టు సినిమాలో చూపిన ప్రసంగం నిజంగా జరగలేదు. 2001లో ఇద్దరూ మళ్లీ పెళ్లి చేసుకున్నారు. మొదటి పెళ్లయిన 44 ఏళ్లకు! 2015 మే 23న నార్వేలో ఏబెల్ బహుమతి అందుకుని తిరిగొస్తూ, న్యూజెర్సీలో టాక్సీ ప్రమాదంలో ఇద్దరూ కలిసే మరణించారు.

ఒక జాగ్రత్త. నాష్ 1970 తర్వాత మందులు వాడలేదు. అది ఒక్క మనిషి సంగతి, ఎవరికీ దారి కాదు. మన ఊళ్లలో ఇలాంటి జబ్బు కనిపిస్తే దయ్యమనేవాళ్లు ఇంకా ఉన్నారు. రోగిని కొట్టేవాళ్లు, కట్టేసేవాళ్లు, మందులు మాన్పించి కూటాలకు తిప్పేవాళ్లు ఉన్నారు. ప్రార్థన చేద్దాం, డాక్టరు దగ్గరికీ తీసుకెళ్దాం. ఈ రెంటికీ మధ్య యుద్ధం దేవుడు పెట్టింది కాదు.

ఎనిమిది రోజులు ఆగిన శిష్యులు

ఇప్పుడు మన ఇళ్ల సంగతి. ఆదివారం ఉదయం ఒంటరిగా బైబిలు పట్టుకుని గుడికొచ్చే భార్యలు ప్రతి సంఘంలోనూ ఉన్నారు. హైదరాబాద్ హాస్టల్లోనో అమెరికాలోనో చదువుకుంటూ, “నాకు నమ్మకం లేదమ్మా” అని ఫోన్లో చెప్పేసిన కొడుకులు, కూతుళ్లు ఉన్నారు. ఆ మాట విన్న తల్లి ఏం చేయాలి? వాదించాలా? ఫోన్ పెట్టేయాలా? పెద్దల ముందు దాచాలా?

యోహాను సువార్త 20వ అధ్యాయంలో ఒక చిన్న వివరం ఉంది. లేచిన ప్రభువును మేం చూశామని శిష్యులందరూ చెప్పినా తోమా నమ్మలేదు. గాయాలు తాకితేగానీ నమ్మనన్నాడు. ఓ రకంగా అది సైంటిస్టు అడిగే ప్రశ్నే. తర్వాత ఎనిమిది రోజులకు శిష్యులు మళ్లీ కూడినప్పుడు తోమా ఎక్కడున్నాడు? వాళ్లతోనే, అదే ఇంట్లో ఉన్నాడు. ఆ పదిమంది అతణ్ణి ఒప్పించలేకపోయారు. కానీ వెలివేయలేదు. రుజువు చూపించడం ప్రభువు పని. ఆయన వచ్చేదాకా తోమాకు ఇంట్లో చోటుంచడం వాళ్ల పని. వాళ్లు తమ పని చేశారు.

ఎమ్మా అంతకంటే ఎక్కువకాలం ఆగింది. ఆమెకు ఎనిమిదో రోజు ఈ లోకంలో రాలేదు. మర్మాలన్నీ, జ్ఞానమంతా తెలిసినా ప్రేమ లేకపోతే వ్యర్థమని పౌలు రాసిన మాటను (1 కొరింథీ 13:2) మనం సైంటిస్టుల మీదికి సులువుగా విసురుతాం. అదే వచనం కొండలు పెకలించే విశ్వాసం గురించి కూడా అంతే మాట అంటోంది. ఆ సగం మనకోసం రాసింది.

లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ ఆబే చర్చిలో డార్విన్ సమాధి ఉంది. 2018 జూన్‌లో హాకింగ్ చితాభస్మాన్ని కూడా అక్కడే, న్యూటన్‌కూ డార్విన్‌కూ నడుమ భూస్థాపితం చేశారు. నమ్మలేకపోయిన ఆ ఇద్దరికీ దేశం దేవాలయంలోనే చోటిచ్చింది. ఎమ్మా మాత్రం అక్కడ లేదు. 1896లో పోయిన ఆమెను వాళ్ల ఊరు డౌన్‌లోని చిన్న చర్చి ఆవరణలో పాతిపెట్టారు. డార్విన్ కూడా అక్కడే నిద్రించాలనుకున్నాడు. ఆయన్ని లండన్‌కు తీసుకెళ్లింది కీర్తి. విడిపోతామేమోనని పెళ్లయిన కొత్తలో భయపడిన ఆమెకు, భూమ్మీద చివరి చోటు కూడా వేరుగానే దొరికింది. మిగతాది ఆమె నమ్మిన దేవుని చేతిలో ఉంది. అంతవరకూ ఆమె చేసినదే మన ఇళ్లలోనూ మనం చేయగలిగింది. సాయంత్రం కాగానే దీపం పెట్టి, ఎదురుగా కూర్చున్న మనిషితో మరో ఆట మొదలుపెట్టడం.